చల్లారిస్తే గ్రాఫు పడిపోయింది, అయస్కాంతత్వం పోయినట్టేనా?

ఒంగోల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు చేస్తున్న తమ్ముడు అడిగింది ఇదీ: నికెల్-మాంగనీస్-గాలియం మిశ్రమలోహాన్ని 100 ఓయర్‌స్టెడ్ల బలహీన అయస్కాంత క్షేత్రంలో చల్లారిస్తే 200 కెల్విన్ దగ్గర మాగ్నెటైజేషన్ (క్షేత్రం దిశలో కొలిచిన అయస్కాంతత్వం) ధబీమని పడిపోయింది, మళ్లీ వేడి చేస్తే గీత అదే దారిలో వెనక్కి రాలేదు, శాంపిల్ చెడిపోయిందా అని.

చెడిపోలేదు తమ్ముడూ. మాది నెల్లూరు పక్కన కోవూరు, నా పీహెచ్‌డీ అంతా ఈ మిశ్రమాలతోనే గడిచింది. నీ గ్రాఫులో రెండు వేర్వేరు మార్పులున్నాయి.

ఒకటి క్యూరీ ఉష్ణోగ్రత, అంటే చల్లారేటప్పుడు లోహం అయస్కాంతంగా మారే చోటు. మూడు లోహాలూ 2:1:1 నిష్పత్తిలో ఉంటే అది సుమారు 376 కెల్విన్. అక్కడ స్ఫటిక నిర్మాణం మారదు, మాంగనీస్ పరమాణువుల అయస్కాంత దిశలు ఒక వరసకొస్తాయంతే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గీత ఒకటే. రెండోది 202 కెల్విన్ దగ్గర. అక్కడ స్ఫటికపు క్యూబ్‌లో ఒక భుజం మిగతా రెండింటికన్నా ఆరు శాతం పొట్టిదై, మార్టెన్‌సైట్ అనే కొత్త రూపం అవుతుంది. కొత్త రూపం పుట్టాలంటే చుట్టూ ఉన్న పాతదాన్ని వంచాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. అందుకే చల్లారేటప్పుడు కొంచెం కింద, వేడెక్కేటప్పుడు కొంచెం పైన మారుతుంది. నీ గీతలు కలవనిది ఇందుకే.

ఇక పడిపోవడం సంగతి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అయస్కాంతత్వం ఎక్కడికీ పోలేదు. మార్టెన్‌సైట్‌లో అది పొట్టి భుజం వెంబడే నిలబడాలని మొండికేస్తుంది, 100 ఓయర్‌స్టెడ్‌కు పక్కకు తిరగదు. అదే కొలత 5 టెస్లాలో, అంటే 50,000 ఓయర్‌స్టెడ్లలో, చేసి చూడు, ఆ గుంట మాయమై గీత కాస్త పైకే లేస్తుంది.

గాలియం బదులు తగరమో ఇండియమో వేసి, మాంగనీస్ ఎక్కువ కలిపితే కథ వేరు. తగరం చోట్లలో కూర్చున్న అదనపు మాంగనీస్ పక్కవాటికి ఎదురు దిశలో నిలబడుతుంది. మార్టెన్‌సైట్‌లో దూరాలు తగ్గేసరికి ఆ ఎదురు ఇంకా బలపడుతుంది. అక్కడ 5 టెస్లాలో కూడా గీత పడుతుంది, అది నిజమైన పతనం. ఆ మార్పు దగ్గర క్షేత్రం పెడితే లోహం వేడెక్కకుండా చల్లబడుతుంది కూడా. నికెల్-మాంగనీస్-తగరంలో 2005లో చూపించారు. నన్నడిగితే ఈ కుటుంబంలో అన్నిటికన్నా తమాషా ఇదే.

రెండు మార్పులూ ఒకేసారి జరిగేదీ ఉంది, మాంగనీస్ ఆర్సెనైడ్. వేడి చేస్తే 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిర్మాణమూ అయస్కాంతత్వమూ కలిసే మారతాయి, అంటే మన రోహిణి కార్తె ఎండకు కాస్త ఎగువన. ఆర్సెనిక్ కాబట్టి ప్రాజెక్టుకు మాత్రం పెట్టుకోకు.

శాంపిల్ మళ్లీ చెయ్యాల్సొస్తే గాలియం ఫ్రిజ్‌లో పెట్టు. అది 29.8 డిగ్రీలకే కరుగుతుంది. మార్చి వచ్చిందంటే మన వైపు సీసాలో పాదరసంలా ఊగుతూ గాజుకు అంటుకుంటుంది, ఇక తూకం కుదరదు. లోహాల్ని కరిగించి కలిపే ఆర్క్ ఫర్నేస్‌లో మాంగనీస్ ఆవిరై గోడలకు నల్లటి మసిలా పడుతుంది గనక దాన్ని కాస్త ఎక్కువే తూచుకోవాలి. ఒకటి రెండు శాతం తేడా వచ్చినా మార్పు ఉష్ణోగ్రత పదుల కెల్విన్లు జరిగిపోతుంది. నీకు 200 దగ్గరే వచ్చిందంటే తూకం బాగానే కుదిరింది.

మీ దగ్గర 5 టెస్లా మెషిన్ లేకపోతే మామూలు వీఎస్ఎమ్‌లో (శాంపిల్‌ను కంపింపజేసి అయస్కాంతత్వం కొలిచే మెషిన్) 1 టెస్లా దాకా వెళ్లినా తేడా తెలిసిపోతుంది.