పెద్ద సంఖ్యను విడగొట్టే ముందు

చి. శ్రావణికి,

తాతయ్య ఆశీస్సులు. 2⁶⁷ − 1 కారణాంకాలు నువ్వే కనుక్కోవాలని కూర్చున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! అందుకే వెంటనే రాస్తున్నాను.

అది 21 అంకెల సంఖ్య. 3, 5, 7 అంటూ వరసగా భాగిస్తూ పోకు. ముందు ఆ సంఖ్య ఎలా తయారైందో చూడు. q అనే ప్రధాన సంఖ్య దాన్ని భాగిస్తే, 2⁶⁷ను q తో భాగించినప్పుడు శేషం 1. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2 ఘాతం (q − 1)కి కూడా శేషం 1. 67 ప్రధాన సంఖ్య కాబట్టి అది q − 1ని భాగించి తీరాలి. పైగా q బేసి. అంటే q ఎప్పుడూ 134k + 1 రూపంలోనే ఉంటుంది (k అంటే 1, 2, 3 లాంటి ఏదో ఒక సంఖ్య). ఇంకోటి, q ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు షరతులకీ నిలిచేది సుమారు 132 ప్రధాన సంఖ్యల్లో ఒక్కటే. ఎంత పని తప్పిందో చూడు!

ముందు 2²⁹ − 1తో చేతులు అలవాటు చేసుకో. ఇక్కడ q రూపం 58k + 1. 59కి 8తో శేషం 3, పనికిరాదు. 117, 175 ప్రధాన సంఖ్యలు కావు. తర్వాతది 233. పెద్ద భాగహారం అక్కర్లేదు, శేషాలతో నడు: 2⁸ = 256, శేషం 23. దాని వర్గం 529, శేషం 63, ఇది 2¹⁶కి. 63 × 23 = 1449, శేషం 51, ఇది 2²⁴కి. 51 × 32 = 1632, శేషం 1. అంతే, 233 భాగిస్తుంది! చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నువ్వు ఆపకు. మిగిలిన 2304167 కూడా సంయుక్త సంఖ్యే: 1103 × 2089. ఆ రెండూ 58k + 1 రూపంలోనే ఉన్నాయో లేదో చూసుకో.

సంయుక్తం అని తెలియడం వేరు, కారణాంకాలు దొరకడం వేరు. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు, 2ᵖ − 1 ప్రధాన సంఖ్య అయ్యే p విలువల జాబితాలో 67ని చేర్చి 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య అన్నాడు. 1876లో ఫ్రెంచి గణితవేత్త లూకా అది సంయుక్తమని తేల్చాడు, కారణాంకం ఒక్కటీ చూపకుండానే. 193707721 × 761838257287 అని అమెరికన్ గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ చూపింది 1903లో. మధ్యలో 27 ఏళ్లు!

ఇక్కడో చిక్కుంది, జాగ్రత్త. n సంయుక్తమా అని పరీక్షించడానికి 2 ఘాతం (n − 1)ని n తో భాగించి శేషం చూస్తుంటారు. p ప్రధాన సంఖ్య అయినప్పుడు, 2ᵖ − 1 రూపంలో ఉన్న n కి ఈ శేషం ఎప్పుడూ 1 వస్తుంది, n సంయుక్తమైనా సరే. 2047నే చూడు, అది 23 × 89. కాబట్టి 2 బదులు 3 వాడు. శేషం 1 రాకపోతే సంయుక్తమే. 1 వస్తే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే.

2⁶⁷ − 1కి చిన్న కారణాంకం దగ్గరే k విలువ 1445580. చేత్తో అంతదూరం వెళ్లలేవమ్మా, టెన్షన్ పడకు. ముందు ఘాతంలో 67 బదులు 23, 37, 43 పెట్టి చెయ్యి, తొందరగానే దొరుకుతాయి. 41కి ఓపిక కావాలి, k వంద దాటాకగానీ దొరకదు. అది దొరికాక నీ లెక్కల కాగితాలు ఫోటో తీసి పంపు, కొట్టివేతలతో సహా.

నీ తాతయ్య