నీకు నా నోరు వచ్చింది, అదే నా భయం

బుజ్జమ్మా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది, అందులో సగం ఏడుపే. నువ్వు వాలరెంట్ అనే ఐదుగురి తుపాకుల ఆటలో ఒక టీమ్ ట్రయల్స్‌కి ఎంపికయ్యావట, తీసుకుంటే చదువు ఒక ఏడాది ఆపి వాళ్ళతోనే ఉండి ఆడతానంటున్నావట. "ఇదంతా నీ వల్లే, చిన్నప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ తుపాకుల ఆటలు ఆడావు" అని నన్ను తిట్టింది కూడా. తిడితే తిట్టనీ, నిజమే కదా. నేను ఆడుతుంటే నువ్వు మౌస్ వైరు పట్టుకుని లాగేదానివి, నేను చస్తే చప్పట్లు కొట్టేదానివి. అక్కకి సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను కానీ తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. గర్వంగా ఉంది, చాలా గర్వంగా ఉంది. దానికి రెట్టింపు టెన్షన్‌గా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను, మొత్తం చదువు, మధ్యలో వదిలేయకు.

నిద్ర, నీళ్ళు, కుర్చీ ఎత్తు, మణికట్టు వ్యాయామాలు నీకు తెలిసినవే, చెయ్యి. నొప్పి వస్తే దాచకు, 2016లో కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆటలో మేటి ఓలోఫ్‌మైస్టర్ అంతటివాడే చేతి గాయంతో ఆటకి దూరంగా ఉండాల్సి వచ్చింది.

కాంట్రాక్టు గురించి మాత్రం కాస్త కఠినంగానే చెబుతాను. లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టొద్దు. జీతం ఏ తేదీకి వస్తుంది, ప్రైజ్ మనీలో నీ వాటా ఎంత, వదిలి వెళ్ళాలంటే బై అవుట్ ఎంత కట్టాలి, టీమ్ మూతపడితే నీ సంగతేంటి, ఇవి నాలుగూ కాగితం మీద ఉండాలి. మూతపడటం అన్నది ఊరికే అనట్లేదు. సీపీఎల్ అని 1997లో పుట్టిన కంప్యూటర్ ఆటల లీగ్, మా రోజుల్లో దానికి మించింది లేదు, 2008లో ఆగిపోయింది. 2007లో టీవీ వాళ్ళు జీతాలిచ్చి మరీ మొదలుపెట్టిన చాంపియన్‌షిప్ గేమింగ్ సిరీస్ రెండో సీజన్ కాగానే 2008 చివర్లో మూతపడింది, దాన్ని నమ్ముకున్న ఆటగాళ్ళు ఒక్కసారిగా ఖాళీ అయిపోయారు. ఓవర్‌వాచ్ లీగ్ 2018లో ఎంత హడావుడిగా మొదలైంది! 2023 తర్వాత లేదు. కాబట్టి చదువు ఆపుకో కానీ తెంచుకోకు, సీటు నిలబెట్టే కాగితాలేవో ఇప్పుడే రాయించి పెట్టుకో. ఈ ఒక్క విషయంలో నేను మీ అమ్మ వైపే.

ఇక ఎవరైనా ఒక మ్యాచ్ వదిలేస్తే ఇంత ఇస్తామంటే, అది ఎంత చిన్న మ్యాచ్ అయినా సరే, అక్కడే బ్లాక్ చేసి కోచ్‌కి చెప్పు. 2014లో ఐబైపవర్ అనే కౌంటర్ స్ట్రైక్ టీమ్ కుర్రాళ్ళు కావాలని ఓడిన ఒక్క మ్యాచ్‌కి వాళ్ళకి ముట్టింది ఆటలోని తుపాకీ స్కిన్లు, అంటే తుపాకీలకి తొడిగే రంగులు. 2015 జనవరిలో ఆ ఆట తయారుచేసే వాల్వ్ వేసిన నిషేధంతో ఆ ఆట పెద్ద పోటీలకి దూరమైపోయారు. చీట్ల గురించి, అదే ఆటలో మోసం చేసే ప్రోగ్రాముల గురించి, నీకు చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను. 2018లో షాంఘైలో టోర్నమెంట్ జరుగుతుండగానే ఒక కుర్రాడి కంప్యూటర్‌లో చీట్ దొరికితే, ఏ పాపం ఎరగని మిగతా నలుగురి టీమ్ కూడా రద్దైపోయింది. నేను ఎప్పుడూ ఆ నలుగురి గురించే ఆలోచిస్తాను.

సరే, ఇప్పుడు అసలు సంగతి. నీ ఎయిమ్, అదే నీ తుపాకీ గురి, దాని గురించి నాకు ఏ బెంగా లేదు. నా భయమంతా నీ నోటి గురించి. నీకు నా నోరు వచ్చింది. పోయిన సెలవుల్లో నువ్వు ర్యాంక్‌డ్ ఆడుతుంటే పక్క గదిలోంచి విన్నాను. ఎవరో స్మోక్, అదే పొగ తెర, తప్పు చోట వేసినందుకు నువ్వన్న మాటలకి నా గుండె ఝల్లుమంది. అవి అచ్చంగా నా మాటలు, అదే విరుపు.

నేను మొదట క్వేక్ అనే తుపాకుల ఆట మనిషిని. ఆ రోజుల్లో మాకు దేవుడంటే థ్రెష్ అనే ఆటగాడు. 1997లో అతను క్వేక్ టోర్నమెంట్ గెలిస్తే, ఆ ఆట తయారుచేసిన జాన్ కార్మాక్ తన సొంత ఎర్ర ఫెరారీ ఇచ్చేశాడు. అదే ఏడాది స్టెవీ కేస్ అనే అమ్మాయి జాన్ రొమేరోని, అంటే క్వేక్ తయారుచేసిన వాళ్ళలో ఒకణ్ణి, ఆ ఆటలోనే ఓడించింది. ఆ వార్త చదివి నేను ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని ఆడానో మీ అమ్మని అడుగు. క్వేక్ 3లో ఒకరికొకరు ఆడేటప్పుడు ప్రాణబలం పెంచే మెగా హెల్త్ తీసుకుంటే మళ్ళీ 35 సెకన్లకి వస్తుంది, కవచం లాంటి ఆర్మర్ 25 సెకన్లకి. ఆ లెక్కలు రెండూ తలలో నడుపుతూ, ఎదుటివాడు ఎక్కడున్నాడో చప్పుడుబట్టి పసిగట్టాలి. అంతా నీ తలలోనే. ఓడితే నువ్వే, గెలిస్తే నువ్వే. అందులో నోటితో పని లేదు. 2005లో ఫేటాలిటీ అనే ఆటగాడు ఒక్క టోర్నమెంట్‌లో లక్షన్నర డాలర్లు గెలిచాడంటే అదీ ఒంటరి ఆటే.

కౌంటర్ స్ట్రైక్‌కి వచ్చినప్పుడు నేను ఆ ఒంటరి బుర్రతోనే వచ్చాను. చురుగ్గా ఉన్నానని నలుగురు కుర్రాళ్ళు కాల్స్ ఇచ్చే పని, అంటే ఎవరు ఎటు వెళ్ళాలో చెప్పే పని, నాకు అప్పజెప్పారు. ఆడపిల్ల గొంతు వినగానే అవతలివాళ్ళు వెక్కిరించే రోజులవి, గట్టిగా, కటువుగా మాట్లాడితే తప్ప ఎవరూ వినరనుకునేదాన్ని. ఆ కటువుతనాన్ని ఎదుటి టీమ్ మీద పెట్టాల్సిందిపోయి నా పక్కనున్నవాళ్ళ మీద పెట్టాను.

2003లో ఒక ల్యాన్ పోటీ, అంటే అందరూ ఒకే చోట కూర్చుని ఆడేది, దాని సెమీఫైనల్. మ్యాప్, అంటే ఆడే మైదానం, ఇన్‌ఫర్నో. ఆ పోటీలో ముందు 16 రౌండ్లు గెలిచినవాళ్ళదే మ్యాప్, మేము 13-13 మీద ఉన్నాం, మాది కాపలా కాసే వైపు, ఏ, బీ అనే రెండు సైట్లలో అవతలివాళ్ళు బాంబు పెట్టకుండా చూడాలి. బనానా అనే సందు, అదే బీ సైట్‌కి వెళ్ళే దారి, మా టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు చూస్తున్నాడు. నెమ్మదస్తుడు, నన్ను అక్కా అని పిలిచేవాడు, నా ఎడమ పక్కనే కూర్చునేవాడు. "బనానాలో ముగ్గురు అనుకుంటా" అన్నాడు. నేను వెంటనే ఏ సైట్ నుంచి ఇద్దరిని బీకి లాగేశాను. అవతలివాళ్ళు కళ్ళు మిరుమిట్లు గొలిపే ఒక ఫ్లాష్ వేసి, వెనక్కి తిరిగి, మిడ్ అనే మధ్య దారి గుండా ఏ సైట్‌కి వెళ్ళి బాంబు పెట్టేశారు. రౌండ్ పోయింది. నేను హెడ్‌సెట్ పక్కకి లాగి, అందరూ వినేలా, "నీకు లెక్కపెట్టడం కూడా రాదా? ఖాయంగా తెలిస్తే చెప్పు, లేకపోతే నోరు మూసుకో" అన్నాను.

తర్వాతి రౌండ్‌కి డబ్బు లేదు, పిస్టళ్ళతో ఆడి పోగొట్టుకున్నాం. దాని తర్వాతది కీలకం. మళ్ళీ ఏ సైట్‌కే వస్తారని బీలో అతనొక్కణ్ణే ఉంచాను. అతను ఏమీ మాట్లాడలేదు. ఇరవై సెకన్లు, ముప్పై సెకన్లు, ఏ మాటా లేదు. నేను, ఇంకేముంది, బీ ప్రశాంతంగా ఉందనుకున్నాను. ఐదుగురూ చప్పుడు చేయకుండా నడుచుకుంటూ బనానాలోంచి వచ్చి అతని మీద పడ్డారు. 13-16. అయిపోయాక అడిగితే, స్క్రీన్ వైపే చూస్తూ అన్నాడు: "ఒక్క అడుగు చప్పుడు వినిపించిందక్కా. ఖాయంగా తెలియలేదు. అందుకే చెప్పలేదు."

ఇక్కడివరకూ అయితే కోపంలో నోరు జారిందని సరిపెట్టుకోవచ్చు. అసలు తప్పు తర్వాత చేశాను, దాన్ని ఇప్పటిదాకా మీ అమ్మకి కూడా చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత ఆ మ్యాచ్ డెమో, అంటే ఆట రికార్డింగ్, నా చేతికొచ్చింది. చూశాను. బనానాలో ముగ్గురే ఉన్నారు. అతను సరిగ్గానే లెక్కపెట్టాడు. ఇంకో రెండు సెకన్లు ఆగి "ఇంకా ఉన్నారా?" అని నేను అడిగుంటే వాళ్ళు వెనక్కి వెళ్తున్న చప్పుడు అతనే చెప్పేవాడు. తొందరపడింది నేను. ఆ డెమో నేను ఎవరికీ చూపించలేదు. టీమ్ అంతా తప్పు అతనిదే అనుకుంటోంది, అనుకోనిచ్చాను. రెండు వారాలకి అతను రావడం మానేశాడు. కొత్తవాణ్ణి తెచ్చుకున్నాం, కానీ ఆ తర్వాత మా టీమ్‌లో ఎవ్వరూ "అనుకుంటా" అన్న మాట అనలేదు, మేము ఒక్క పెద్ద మ్యాచ్ కూడా గెలవలేదు.

2018 జనవరిలో బోస్టన్ మేజర్, అంటే కౌంటర్ స్ట్రైక్‌లో అతిపెద్ద పోటీ, దాని ఫైనల్ చూశాను. మూడో మ్యాప్ అదే ఇన్‌ఫర్నో. ఫేజ్ టీమ్ 15-11 ముందుండి, ఒక్క రౌండ్ గెలిస్తే కప్పు, అక్కడి నుంచి క్లౌడ్9 చేతిలో 22-19తో ఓడిపోయింది. వాళ్ళకి కాల్స్ ఇచ్చే కారిగన్ మొహం చూడలేకపోయాను. ఆ రాత్రి కూర్చుని, పదిహేనేళ్ళ తర్వాత, మా కుర్రాడికి ఉత్తరం రాశాను, డెమో సంగతంతా. మర్నాడు ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "తెలుసక్కా, ముగ్గురే ఉన్నారని నాకు ఆ రోజే తెలుసు."

కారిగన్‌ని ఆ ఏడాది చివర్లో పక్కన పెట్టారు. అతను 2021లో అదే టీమ్‌కి తిరిగొచ్చి, 2022లో యాంట్వర్ప్‌లో మొదటి మేజర్ గెలిచాడు, 32 ఏళ్ళ వయసులో. ఫైనల్లో మొదటి మ్యాప్ ఇన్‌ఫర్నోనే, ఈసారి 19-16తో గెలిచారు. ఎయిమ్‌లో అతన్ని మించిన కుర్రాళ్ళు బోలెడుమంది. అయినా అతని పక్కన ఆడాలని అందరూ ఎందుకు కోరుకుంటారో ఆలోచించు.

అందుకే చెబుతున్నాను. చచ్చిపోయిన వెంటనే ఎక్కడ, ఎంతమంది, నువ్వు ఎంత డ్యామేజ్ కొట్టావు, ఇది చెప్పి మైక్ వదిలెయ్, బతికున్నవాళ్ళకి చప్పుళ్ళు వినపడాలి. ఎవరైనా "అనుకుంటా" అంటే అది నీకు దొరికిన బంగారం, "సరే, చూస్తూ ఉండు" అను. నీ కాల్ తప్పైతే రౌండ్‌కి ముందు కొనుక్కోవడానికి ఇచ్చే ఆ 30 సెకన్లలోనే "నా తప్పు" అనేసెయ్, మ్యాచ్ అయ్యేదాకా దాచిపెట్టుకోకు. ఓడిన మ్యాచ్ వీడియో ఐదుగురూ కలిసి చూడండి, ఒంటరిగా చూసి ఎప్పుడూ నీ దగ్గరే ఉంచుకోకు. బయట ఎవడో నీ గొంతు విని పిచ్చికూతలు కూస్తే మ్యూట్ చేసి రిపోర్ట్ కొట్టు, వాడి కోసం మైక్ ఆపకు, వాడి మీది కోపం తెచ్చి నీ వాళ్ళ మీద గుమ్మరించకు. మీకిప్పుడు 2021 నుంచి గేమ్ చేంజర్స్ లాంటి ఆడవాళ్ళ టోర్నమెంట్లు ఉన్నాయి, నాలా ప్రతి గదిలోనూ ఒక్కదానివే ఆడపిల్లవై అరవాల్సిన పని లేదు. అది తలుచుకుంటే నాకెంత హాయిగా ఉంటుందో.

అలసిపోతే చెప్పు తల్లీ. 2020లో ఆస్ట్రాలిస్ అనే కౌంటర్ స్ట్రైక్ టీమ్‌లో గ్లేవ్, జిప్‌నైన్ అంతటి వాళ్ళు, నాలుగేసి మేజర్లు గెలిచినవాళ్ళు, ఒత్తిడి తట్టుకోలేక విరామం తీసుకున్నారు. నువ్వు తీసుకున్నా ఎవరికీ మొహం చాటేయక్కర్లేదు. అర్ధరాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యి, అమ్మకి చెప్పలేనివి నాకు చెప్పు.

మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం ట్రయల్స్‌లో ఆడే మొదటి స్క్రిమ్, అదే ప్రాక్టీస్ మ్యాచ్, దాని రికార్డింగ్ నాకు పంపాలి, టీమ్ మాటలన్నీ వినపడేలా. నీ కిల్స్ నేను చూడను. నువ్వు చనిపోయాక పది సెకన్లు ఏం మాట్లాడావో అవే వింటాను, ప్రతి రౌండూ. విని రాత్రికి ఫోన్ చేస్తాను, తిట్టడానికైనా, ముద్దు చేయడానికైనా.

నీ పిన్ని