ఎయిర్‌ట్యాగ్ బ్యాటరీ మూత ఎంత తిప్పినా రావట్లేదా? ముందు నొక్కడం చూసుకోండి

మీ ప్రశ్న ఇదీ: బండి తాళాలకి ఏడాదిన్నరగా వేలాడుతున్న ఎయిర్‌ట్యాగ్, అంటే పోయిన వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే యాపిల్ గుండ్రటి బిళ్ల. బ్యాటరీ అయిపోవచ్చిందని ఫోన్‌లో వచ్చింది. వెనక స్టీలు మూత తిప్పబోతే వేళ్లు జారిపోతున్నాయి. చిన్న స్క్రూడ్రైవర్ అంచులో దూర్చి ఎత్తబోతే తెల్ల ప్లాస్టిక్ మీద గీత పడింది, మూత మాత్రం కదల్లేదు.

ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి. ఎయిర్‌ట్యాగ్ మూత ఎత్తితే వచ్చే రకం కాదు. మూత లోపలి అంచున మూడు చెవులు ఉంటాయి, అవి తెల్ల భాగంలోని మూడు గాళ్ల కిందికి వెళ్లి కూర్చుంటాయి. తిప్పకుండా ఎత్తితే ఆ చెవులే అడ్డం. ఇంకాస్త బలం పెడితే చెవి విరుగుతుంది. విరిగాక మూత బ్యాటరీని గట్టిగా నొక్కి ఉంచలేదు. అప్పుడు ఫోన్‌లో ట్యాగ్ ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు.

ఇళ్లలో పాత పిన్నుల బల్బు హోల్డర్ గుర్తుందా? బల్బుని పైకి నొక్కి, నొక్కినట్టే ఉంచి, కాస్త తిప్పితే ఊడొచ్చేది. నొక్కకుండా తిప్పితే కదలదు. ఇదీ అదే వరస. లోపలి స్ప్రింగు కాంటాక్టులు (బ్యాటరీకి తగిలి కరెంటు అందుకునే లోహపు ముక్కలు) బ్యాటరీని, దాంతో పాటు మూతని ఎప్పుడూ పైకి తోస్తుంటాయి. ఆ తోపుకి చెవులు గాళ్లలో బిగుసుకుని ఉంటాయి. మూతని కిందికి నొక్కితేనే ఆ బిగువు వదులుతుంది. రెండు పనులు ఒకేసారి చేస్తేనే తెరుచుకునే ఏర్పాటు కాబట్టి చిన్నపిల్లలు ఊరికే తీయలేరు కూడా. మూత పట్టేసింది అనేవాళ్లలో చాలామంది నొక్కుడు చాలక ఆగిపోతారు. ఇంకొందరికి నొక్కుడు సరిపోతుంది గానీ పట్టు దొరకదు. నిజంగా మూతే అతుక్కుపోయినవి తక్కువ.

పట్టు సంగతి ముందు చూద్దాం. అద్దంలా మెరిసే స్టీలు, దాని మీద తాళాలు పట్టుకున్న చేతి చెమట, జిడ్డు. వేసవిలో విజయవాడలోనో విశాఖలోనో ప్యాంటు జేబులో తిరిగిన ట్యాగ్ అయితే చెప్పక్కర్లేదు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తలకి కొబ్బరినూనె రాసిన చేత్తో మాత్రం కూర్చోకండి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గుడ్డకి రెండు చుక్కలు పట్టించి స్టీలు మూతని, పక్కనున్న తెల్ల అంచుని తుడవండి. గుడ్డ తడిస్తే చాలు, ట్యాగ్ మీద నేరుగా పోయొద్దు. జెల్ శానిటైజర్ ఇక్కడ పనికిరాదు. స్పిరిట్ ఆరిపోయాక దానిలోని గ్లిజరిన్ జారుడు పొరలా మిగిలిపోతుంది.

స్టీలుకి, తెల్ల భాగానికి మధ్య సన్నటి సందు ఉంటుంది కదా, ఏడాదిన్నరలో అందులో దుమ్ము, చెమట కలిసి గట్టిపడి ఉంటుంది. పొడి టూత్‌బ్రష్‌తో సందు చుట్టూ రెండు మూడు సార్లు రుద్దండి. గట్టిగా పట్టుకున్న చోట చీపురుపుల్ల గానీ చెక్క టూత్‌పిక్ గానీ చాలు. సూది, పిన్నీసు, బ్లేడు వద్దు, మీ స్క్రూడ్రైవర్ చేసిన పనే అవీ చేస్తాయి.

ఇప్పుడు తీయడం. కీచైన్ కవర్‌లోంచి ట్యాగ్ బయటికి తీసి, తెల్ల వైపు కిందికి వచ్చేలా బల్ల మీద పెట్టండి. కింద రబ్బరు మౌస్‌ప్యాడ్ గానీ ఫోన్ సిలికాన్ కవర్ గానీ వేయండి. గాజు బల్ల మీద, గ్రానైట్ గట్టు మీద పెడితే ట్యాగ్ మొత్తం గిర్రున తిరుగుతుంది, మూత ఎక్కడిదక్కడే ఉంటుంది. రెండు బొటనవేళ్లు స్టీలు మీద ఎదురెదురుగా, అంచుకి దగ్గరగా ఆనించండి. మధ్యలో యాపిల్ గుర్తు మీద రెండు వేళ్లూ కలిపి పెడితే నొక్కుడు వస్తుంది గానీ తిప్పే బలం రాదు. ఒక పక్కనే నొక్కితే మూత వాలిపోయి అవతలి చెవి ఇరుక్కుంటుంది. రెండు వేళ్లతో సమానంగా, భుజాల బరువు దించి కిందికి నొక్కండి. ఆ నొక్కుడు వదలకుండా యాంటీక్లాక్‌వైజ్, అంటే గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పండి. మూత కొద్దిగా కిందికి దిగి, ఆ తర్వాత మెత్తగా జారినట్టు తిరుగుతుంది. కొంచెం తిరిగి ఆగిపోతుంది, అంతే. సీసా మూతలా చుట్లు చుట్లు తిప్పే పని లేదు. ఆగాక వేళ్లు తీస్తే మూత లేచి వస్తుంది. లేవకపోతే ట్యాగ్‌ని అరచేతిలో బోర్లించి మెల్లగా తట్టండి.

దిశ దగ్గర తికమక పడేవాళ్లు చాలామంది. స్టీలు వైపు చూస్తూ స్టీలుని తిప్పినా, తెల్ల వైపు చూస్తూ తెల్లదాన్ని తిప్పినా, మీ ఎదురుగా ఉన్న భాగం యాంటీక్లాక్‌వైజ్ తిరగాలి. స్టీలు కింద పెట్టుకుని తెల్లదాన్ని క్లాక్‌వైజ్ తిప్పుతున్నారంటే ఇంకా బిగిస్తున్నారని అర్థం.

నిజంగా మూత కదులుతోందా, లేక వేళ్లే జారుతున్నాయా అన్నది తెలియాలంటే చిన్న పద్ధతి: సన్నటి టేపు ముక్కలు రెండు తీసుకుని, ఒకటి స్టీలు అంచు మీద, ఒకటి దానికి సరిగ్గా ఎదురుగా తెల్ల భాగం మీద అతికించండి. ఒక ప్రయత్నం చేసి చూడండి. రెండు ముక్కలూ ఎదురెదురుగానే ఉన్నాయంటే కదల్లేదు, పట్టు పెంచాలి. వెంట్రుక మందమైనా పక్కకి జరిగాయంటే వస్తోంది, అదే పద్ధతిలో కానివ్వండి.

పట్టు పెంచడానికి ఇంట్లో ఉన్నవి చాలు. గిన్నెలు కడిగే రబ్బరు గ్లోవ్ వేసుకుని నొక్కి తిప్పడం అన్నింటికన్నా తేలిక. గ్లోవ్ లేకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క స్టీలు మీద పరిచి దాని మీద బొటనవేళ్లు పెట్టండి. వెడల్పాటి రబ్బరు బ్యాండు తెల్ల అంచు చుట్టూ వేస్తే కింది భాగం తిరగకుండా ఆగుతుంది. తెల్లదాన్ని మాత్రమే గట్టిగా పట్టే బిగువైన రింగు హోల్డర్ ఉంటే, ట్యాగ్ అందులో ఉండగానే తిప్పినా మంచిదే. హోల్డరే పిడి అవుతుంది. అప్పటికీ జారుతుంటే స్టీలు మీద డబుల్ సైడ్ ఫోమ్ టేపు రెండు ముక్కలు అతికించి వాటి మీద వేళ్లు పెట్టి తిప్పండి. తర్వాత జిగురు స్పిరిట్‌తో పోతుంది.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి, కారణాలతో సహా చెప్తాను. లూబ్రికెంట్ స్ప్రే, కుట్టుమిషను నూనె వద్దు. సందులోంచి లోపలికి దిగి కాంటాక్టుల మీద పొర కడుతుంది, పైగా మూత ఇంకా జారుతుంది. హెయిర్ డ్రయ్యర్ వద్దు. ట్యాగ్ పనిచేసే వేడి 60 డిగ్రీల సెల్సియస్ వరకే, లోపలున్నది లిథియం బ్యాటరీ. ఫ్రిజ్‌లో పెట్టి తీయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ మూత తీసిన వెంటనే సర్క్యూట్ మీదికి వెళ్తుంది. ప్లయర్‌తో పట్టుకుని తిప్పితే స్టీలు అంచు నొక్కుకుపోయి గుండ్రం పోతుంది. ఆ మూత తర్వాత సరిగా కూర్చోదు.

వర్షంలో బాగా తడిసిన ట్యాగ్, వాషింగ్ మెషిన్‌లో పడిన ట్యాగ్ అయితే లోపల బ్యాటరీ కారి తెల్లటి పొడి కట్టి ఉండొచ్చు. ఈ ట్యాగ్ నీళ్లకి ఆగే స్థాయిని ఐపీ67 అంటారు; అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట వరకు తట్టుకుంటుందని, అది కూడా మూత సరిగా బిగించి ఉంటేనే. సబ్బు నీళ్లలో గంటసేపు గిరగిరా తిరగడం ఆ లెక్కలోకి రాదు. అలాంటి మూత తీశాక పొడిని చేత్తో ముట్టుకోకుండా, స్పిరిట్ పట్టించిన ఇయర్‌బడ్‌తో కాంటాక్టులు తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త బ్యాటరీ పెట్టండి.

బ్యాటరీ సీఆర్2032. ఆ నంబరులోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. షాపులో సీఆర్2025 ఇచ్చి ‘ఇదీ సేమే అండి’ అంటారు. వెడల్పు సేమే, మందం 2.5, కాంటాక్టు సరిగా తగలదు. ఎల్‌ఐఆర్2032 అని ఛార్జ్ చేసుకునేది కూడా దొరుకుతుంది, అదీ పెట్టొద్దు. ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులు ఇస్తుంది, ఈ ట్యాగ్‌కి కావాల్సింది 3 వోల్టులు. ఇంకో ముఖ్యమైన మెలిక: కొన్ని కంపెనీలు పిల్లలు మింగకుండా బ్యాటరీ మీద చేదు పూత వేస్తాయి. పిల్లలున్న ఇంటికి అది మంచి ఏర్పాటే. కానీ ఆ పూత కాంటాక్టు తగిలే చోటికే వస్తే ట్యాగ్‌కి కరెంటు అందదు. కొత్త బ్యాటరీ వేసినా చప్పుడు రాలేదంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోవాలి. ప్యాకెట్ మీద చేదు పూత గురించి రాసి ఉందేమో చూసి, పూత లేనిది తెచ్చుకోండి. పూత గీకడం, రుద్దడం కన్నా ఇంకో బ్యాటరీ కొనడం నయం.

ప్లస్ గుర్తు, అక్షరాలు ఉన్న వైపు మీకు కనిపించేలా పెట్టాలి. పట్టకారుతో రెండు చదును ముఖాలూ కలిపి పట్టుకోవద్దు, షార్ట్ అవుతుంది. అంచులు పట్టుకోండి. పెట్టి వేలితో కాస్త నొక్కగానే ట్యాగ్ ఒక చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినకుండా మూత బిగించకండి. రాకపోతే బ్యాటరీ తిరగేసి పెట్టారేమో, ప్లాస్టిక్ స్టిక్కర్ ఏమైనా మిగిలిందేమో చూడండి. ఊరికే తీసి పెట్టి, తీసి పెట్టి ఆడకండి. వరసగా 5 సార్లు బ్యాటరీ తీసి, ప్రతిసారీ చప్పుడు వచ్చేదాకా నొక్కి పెడితే ట్యాగ్ రీసెట్ అవుతుంది, అంటే మళ్లీ కొత్తదానిలా మొదటికి వస్తుంది. మామూలుగా ఒకసారి బ్యాటరీ మారిస్తే మాత్రం ఫోన్‌తో ఉన్న జోడింపు పోదు, ట్యాగ్ ఎక్కడుందో చూపించే ఐఫోన్ ‘ఫైండ్ మై’ యాప్‌లో మళ్లీ చేర్చే పని లేదు.

మూత పెట్టేటప్పుడు మూడు చెవులు మూడు గాళ్లలోకి దిగేలా ఆనించి, నొక్కి, క్లాక్‌వైజ్ ఆగేదాకా తిప్పండి. ఒక పక్క ఎత్తుగా కనిపిస్తే చెవులు గాడిలో పడలేదు. బలవంతం చేయకుండా తీసి కాస్త పక్కకి జరిపి పెట్టండి.

మిగతా కంపెనీల ఇలాంటి ట్యాగులు తీయబోయేవాళ్లకి ఒక్క మాట: ఇదే పద్ధతి అన్నిటికీ నడవదు. సామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్2లో సిమ్ పిన్నుతో తీసే ట్రే ఉంటుంది, దాన్ని తిప్పబోతే లాభం లేదు. టైల్ మేట్ 2022 మోడల్లో బ్యాటరీ మార్చే వీలే లేదు, తెరవడానికి చూస్తే పగలడమే. మీ ట్యాగ్ పేరు, మోడల్ చూసుకున్నాకే చెయ్యి వేయండి.

పాత బ్యాటరీ బల్ల మీద వదిలేయకండి. చిన్నపిల్లలు మింగితే ఆహారనాళంలో రెండు గంటల్లోపే తీవ్రంగా కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. తీసిన సెల్లుకి రెండు వైపులా టేపు వేసి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. అమెరికా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ట్యాగ్ పెట్టుకునేవాళ్లు అదనంగా కొన్న సెల్లుల్ని చెక్-ఇన్ బ్యాగులో కాకుండా చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి, విడి లిథియం బ్యాటరీల నియమం అది.

చివరగా మీ స్క్రూడ్రైవర్ గీత. మూత తీశాక ఆ చోట ప్లాస్టిక్ లేచి ఉందేమో గోరుతో తడిమి చూడండి. లేచి ఉంటే గోరుతోనే గీకి చదును చేయండి. సాండ్‌పేపర్ పెడితే పొడి రాలి బ్యాటరీ గుంటలో పడుతుంది. గీత పైపైనే ఉంటే ఫరవాలేదు. సందు దగ్గర అంచు తెగిందంటే మాత్రం ఆ ట్యాగ్ నీళ్లకి ఆగుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. వానాకాలం బండి తాళాలకి కాకుండా ఇంట్లో బీరువా తాళాలకి మార్చేయండి.