పరిగెత్తేటప్పుడు వచ్చే ఆయాసమంతా ఆస్తమాయేనా?

పరిగెత్తితే విపరీతంగా ఆయాసం వస్తోందని, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష), ఎక్స్‌రే నార్మల్‌గా ఉన్నా ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారని, అది నిజమేనా అని మీరు అడిగారు. ఆయాసం ఎప్పుడు మొదలవుతోంది, ఆగాక ఎంతసేపటికి తగ్గుతోంది అన్నది అడగకుండా దానికి ఏ పేరూ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

మా చెల్లెలు కాలేజీలో పరుగు పందేలలో పాల్గొనేది. ఆమెకూ ఇన్‌హేలరే ఇచ్చారు, గుణం కనబడకపోతే మోతాదు పెంచారు, చివరికి అంతా భయమేనని తేల్చారు. ఊపిరాడని పిల్లకు ధైర్యం తెచ్చుకొమ్మని చెప్పి పంపడం ఎంత అన్యాయమో ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ఒకనాడు ఆమె ఆఖరి రౌండు పరిగెత్తుతుంటే దగ్గర నుంచి చూశాను. గాలి లోపలికి పీల్చిన ప్రతిసారీ గొంతులోంచి కీచుమని శబ్దం వస్తోంది, మెడ నరాలు బిగుసుకుపోతున్నాయి, చేయి గొంతు మీదికే పోతోంది. ఆగిన కొద్ది నిమిషాలకే ఊపిరి మామూలైంది. వ్యాయామంతో వచ్చే ఆస్తమా అయితే ఇలా ఉండదు; అది చాలామందిలో పరుగు ఆగిన తరువాత 5 నుంచి 15 నిమిషాల్లో ముదురుతుంది, పిల్లికూతలు ఎక్కువగా గాలి వదిలేటప్పుడు వినిపిస్తాయి, పూర్తిగా సర్దుకోవడానికి అరగంటో గంటో పడుతుంది. ఆమె పరుగును ఫోనులో వీడియో తీసి చూపించాక, ఒక ఈఎన్‌టీ వైద్యురాలు ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి, సైకిల్ తొక్కిస్తూ పరీక్షించారు. శ్రమ బాగా పెరిగేసరికి స్వరపేటిక ఇరుకైపోవడం తెర మీద మాకందరికీ కనిపించింది. స్పీచ్ థెరపిస్టు నేర్పిన శ్వాస పద్ధతులతోనే ఆమె కుదుటపడింది.

అందుకే కూర్చోబెట్టి ఊదించిన స్పైరోమెట్రీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన విషయం తేలినట్టు కాదు. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, ముందూ తరువాతా ఊదించి, మొదటి సెకనులో వదిలే గాలి 10 శాతమైనా తగ్గుతోందేమో చూడమని అడగండి. రక్తహీనతను కూడా మరచిపోకండి. హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి స్త్రీలలో 12, పురుషులలో 13 గ్రాముల కంటే తగ్గితే ఊపిరితిత్తులు ఎంత బాగున్నా మెట్లెక్కడానికే ఆయాసం రావచ్చు. ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకుంటే శరీరంలో ఇనుము నిల్వలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది.

అయితే పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి, పరుగు ఆపి, వెంటనే గుండె వైద్యుణ్ణి కలవండి.