పిల్లల హక్కులు డ్యూటీ చార్టులో కనిపించాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఉద్యోగం చేసే తల్లిదండ్రుల కోసం సంస్థలు ఏం చేయవచ్చో అడుగుతూ యజమానులు, హెచ్‌ఆర్ సిబ్బంది, ఉద్యోగులు పంపిన ప్రశ్నల్లో కొన్ని ఇవి. సెలవులు, జీతాల విషయంలో ఏ దేశ చట్టం ఆ దేశానిదే. ఇక్కడ చెబుతున్నవి అంతర్జాతీయ ప్రమాణాలు, ఆచరణలో నిలబడే పద్ధతులు.

ప్రశ్న: మాది యంత్రాల విడిభాగాల తయారీ. పద్దెనిమిదేళ్ల లోపు వారిని పనిలో పెట్టుకోం. అయినా పెద్ద కొనుగోలుదారులు పంపే ఫారాల్లో ‘బాలల హక్కులు’ అని ఒక గడి ఉంటోంది. అందులో ఏం రాయాలి?

జవాబు: పిల్లల చేత పని చేయించకపోవడంతో ఆ గడి నిండదు. మీ దగ్గర పనిచేసే వాళ్ల ఇళ్లలో పిల్లలున్నారు. తల్లి ఎన్నింటికి ఇల్లు చేరుతుందో, చంటిబిడ్డకు జ్వరమొస్తే తండ్రికి సెలవు దొరుకుతుందో లేదో తేలేది మీ ఆఫీసులోనే.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో 18వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. పిల్లల్ని పెంచే బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ, పనికి వెళ్లేవారి పిల్లలకు సంరక్షణ సేవలు అందేలా ప్రభుత్వాలు చూడాలి అని. ఒప్పందంలో చేరేది ప్రభుత్వాలే కాబట్టి కంపెనీల వంతు ఏమిటన్న ప్రశ్న చాలాకాలం నలిగింది. 2012లో యునిసెఫ్, సేవ్ ద చిల్డ్రన్, ఐరాస గ్లోబల్ కాంపాక్ట్ (బాధ్యతగా నడుచుకుంటామని వ్యాపార సంస్థలు చేరే ఐరాస వేదిక) కలిసి వ్యాపార సంస్థల కోసం పది సూత్రాలు ప్రకటించాయి. వాటిలో మూడోది యువ కార్మికులకు, తల్లిదండ్రులకు, పిల్లల్ని చూసుకునే ఇతరులకు మర్యాదైన పని కల్పించడం గురించి.

కాబట్టి ఫారంలో ఆశయాలు కాదు, వివరాలు రాయండి: ప్రసూతి సెలవు ఎన్ని వారాలు, అందులో ఎన్ని వారాలకు జీతం, తండ్రికి ఎన్ని రోజులు, సెలవు తర్వాత ఎంతమంది తిరిగి వచ్చారు, ఏడాది దాటాక వారిలో ఎంతమంది మిగిలారు. అన్నిటికన్నా నిజం చెప్పేది ఆ చివరి అంకె. ఈ లెక్క కోసం ఇంటర్వ్యూలో పెళ్లి గురించి, పిల్లల గురించి మాత్రం అడగకండి. ఉద్యోగంలో చేరాక, పేర్లు లేని సర్వేలో అడిగితే చాలు.

ప్రశ్న: మొత్తం పన్నెండు మందిమి. ఒకరు ప్రసూతి సెలవు పెడితే జీతం భారం, పని భారం రెండూ మా మీదే పడుతున్నాయి. చిన్న సంస్థకు ఇది సాధ్యమేనా?

జవాబు: జీతం సంగతి ముందు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరంలో చేసిన 183వ ఒప్పందం కనీసం 14 వారాల సెలవు ఉండాలంటుంది. అందులో ఆరు వారాలు కాన్పు తర్వాత తప్పనిసరి. సెలవు కాలపు భృతి జీతం ఆధారంగా ఇస్తే అది జీతంలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. దానితోపాటు వచ్చిన 191వ సిఫార్సు 18 వారాల దాకా పొడిగించమంటుంది. ఈ ఒప్పందంలో చాలామంది గమనించని మాట ఇంకొకటి ఉంది: ఈ భృతి ప్రధానంగా సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో రావాలి, ఒక్కో యజమాని మీద విడిగా పడకూడదు. ఎందుకో మీ ప్రశ్నలోనే ఉంది. ఖర్చంతా తన మీదే పడుతుందనుకున్న యజమాని, పెళ్లీడు అమ్మాయి దరఖాస్తును నోరెత్తకుండా పక్కన పెట్టేస్తాడు. అందుకే మీ దేశంలో బీమా పథకం ఉంటే అందులో నమోదు కావడం మీ మొదటి పని. లేకపోతే వ్యాపార సంఘాల ద్వారా అడగాల్సింది సెలవు తగ్గించమని కాదు, ఆ నిధి పెట్టమని.

ఇక పని భారం. చిన్న సంస్థల్లో దెబ్బ తగిలేది హ్యాండోవర్ దగ్గర, అంటే పని ఇంకొకరికి అప్పగించే చోట. కాన్పు తేదీకి ఎనిమిది వారాల ముందే ఆమె చేసే పనులన్నీ ఒక కాగితం మీద పెట్టించండి. రోజూ చేసేవి, నెలకోసారి వచ్చేవి, ఆమెకు మాత్రమే తెలిసినవి అని మూడు భాగాలు చేయండి. మూడో భాగాన్ని ముందుగా ఇంకొకరికి నేర్పించాలి. కాన్పు నెల ముందే రావచ్చు కదా! ఆమె పని పక్కవారి నెత్తిన పెట్టి వాళ్ల పని ఏమీ తగ్గించకపోతే, ఆ కోపం తిరిగొచ్చాక ఆమె మీదే పడుతుంది. ఆ నెలల్లో వాయిదా వేయగల పనులేవో ముందే తేల్చి అందరి ముందూ చెప్పండి.

ప్రశ్న: తండ్రులకు రెండు వారాల సెలవు పెట్టాం. దాదాపు ఎవరూ వాడుకోవడం లేదు. అవసరం లేదనే కదా అర్థం?

జవాబు: కాదు. అడగడానికి జంకుతున్నారని అర్థం. నార్వేలోనూ తొలుత ఇదే తంతు. తల్లిదండ్రులు పంచుకోగల సెలవు ఉన్నా వాడుకునే తండ్రులు చాలా తక్కువ. 1993లో నాలుగు వారాలు తండ్రికే కేటాయించి, ఆయన వాడకపోతే పోతాయన్నారు. కొన్నేళ్లలోనే వాడుకునేవారు ఎక్కువయ్యారు. ‘కావాలంటే పెట్టుకో’ అన్న సెలవుకు, ‘ఇది నీది’ అన్న సెలవుకు తేడా అది.

మీరు దరఖాస్తు పద్ధతిని తిరగేయండి. బిడ్డ పుడుతున్న సంగతి హెచ్‌ఆర్‌కు తెలిసిన రోజే ఆ రెండు వారాలు క్యాలెండర్‌లో వేసేయండి. వద్దనుకున్నవారే రాసివ్వాలి. జీతం పూర్తిగా ఇవ్వండి, సగం జీతమైతే ఇంటి ఖర్చులు పెరిగిన సమయంలో ఎవరూ ముందుకు రారు. అప్రైజల్‌లో ఆ రెండు వారాలను టార్గెట్ నుంచి తీసేయండి. సెలవు ఇచ్చి టార్గెట్ మాత్రం పన్నెండు నెలలదే ఉంచితే, అది సెలవు కాదు, అప్పు.

ప్రశ్న: తల్లులు బిడ్డ కోసం పాలు తీసిపెట్టుకోవడానికి గది కట్టించాం. సోఫా, ఏసీ, గోడల మీద బొమ్మలు అన్నీ ఉన్నాయి. రోజుల తరబడి తాళమే ఉంటోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

జవాబు: ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందు చూడండి. సెక్యూరిటీ గార్డు దగ్గరుంటే, పేరు, సమయం, కారణం రిజిస్టర్‌లో రాసి తీసుకోవాలంటే, ఆ గదిలోకి ఎవరూ వెళ్లరు. గడియ లోపలి వైపు ఉండాలి. బయట ‘లోపల ఉన్నారు’ అని తిప్పుకునే చిన్న పలక చాలు.

తర్వాత గడియారం చూడండి. తొలి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆపైన ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, అంతకు మించి కూడా కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పనిలో ఉన్న తల్లి సుమారు మూడు గంటలకోసారి పంపుతో తన పాలు తీసిపెట్టుకోవాలి, అంటే ఎనిమిది గంటల షిఫ్టులో రెండు మూడు సార్లు. తీయడానికి పావుగంట, ఇరవై నిమిషాలు. నడక, చేతులు కడుక్కోవడం, పంపు శుభ్రం చేసుకోవడం కలిపితే అరగంట. గది వేరే బ్లాకులో ఉంటే ఆ అరగంట ముప్పావు గంట అవుతుంది, అక్కడితో ఆమె మానేస్తుంది. ఓ పూట మానేస్తే రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. పాల నాళాలు మూసుకుపోయి వాపు, జ్వరం వచ్చే ప్రమాదమూ ఉంది. పాలు లోపలే నిలిచిపోతుంటే ఒంట్లో కొత్త పాల తయారీ కూడా తగ్గిపోతుంది. ‘పాలు చాలడం లేదు’ అని డబ్బాపాలకు మారిన వారి విషయంలో అసలు కారణం షిఫ్టే కావచ్చు. 183వ ఒప్పందం ఈ విరామాన్ని పనిగంటల్లో లెక్కించి జీతం ఇవ్వాలని స్పష్టంగా చెబుతుంది. భోజన విరామంలో కోత పెట్టి ఇస్తే ఇచ్చినట్టు కాదు.

గదిలో ఉండాల్సినవి తక్కువే: వీపు ఆనే కుర్చీ, పంపు పెట్టుకునే బల్ల, దాని పక్కనే ప్లగ్ పాయింట్, దగ్గర్లో కుళాయి, ఒక చిన్న ఫ్రిజ్. మరుగుదొడ్డిలో ఒక మూల కేటాయించడం కుదరదు, అక్కడ తీసేది బిడ్డ ఆహారం. ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేలా లోపల థర్మామీటర్ పెట్టండి. అప్పుడే తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. సీసా మీద పేరు, తేదీ రాసి లోపలి అరలో పెట్టాలి. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా అక్కడ వేడి తగులుతుంది. అందరి టిఫిన్ డబ్బాలుండే ఫ్రిజ్‌లో పెట్టమంటే ఎవరూ పెట్టరు, పెట్టినా దాచుకుంటూ పెడతారు. రసాయనాలు, రంగుల దగ్గర పనిచేసే వారికి కోటు విడిచి చేతులు కడుక్కునే సౌకర్యం గది బయటే ఉండాలి.

సోఫా, బొమ్మలు ఉండనివ్వండి, తప్పేం లేదు.

ప్రశ్న: క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం) పెడితే ఇరవై మంది పిల్లలు వస్తారనుకున్నాం. వచ్చింది అయిదుగురే. మూసేయాలా?

జవాబు: మూసేముందు రెండు ప్రశ్నలు అడగండి. క్రెష్ ఎన్ని గంటలకు తెరుస్తారు? తల్లిదండ్రులు ఎలా వస్తున్నారు? జనరల్ షిఫ్టుకే తెరిస్తే ఉదయం ఆరు గంటల షిఫ్టు వాళ్లకు అది లేనట్టే. షిఫ్టుకు అరగంట ముందు తెరిచి, అయ్యాక అరగంట ఉంచాలి. కిక్కిరిసిన బస్సులో చంటిబిడ్డను గంటసేపు తీసుకురావాల్సిన వాళ్లకు ఇంటి దగ్గరి క్రెష్‌కు డబ్బు చెల్లించడం మేలు. పక్కనున్న నాలుగైదు సంస్థలు కలిసి ఒక్కటి నడిపినా సరిపోతుంది.

పిల్లలు రాకపోవడానికి మరో కారణం నమ్మకం లేకపోవడం. ఒక్క ఆయా పదిమంది పసివాళ్లను చూస్తుంటే ఏ తల్లీ వదలదు. అమెరికా శిశువైద్య అకాడమీ భాగస్వామ్యంతో రూపొందిన ప్రమాణాల ప్రకారం ఏడాదిలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు, మూడేళ్ల లోపు వారు నలుగురికి ఒకరు చొప్పున ఉండాలి. ఆయా సెలవు పెడితే బదులు ఎవరన్నది ముందే తేలాలి, క్రెష్‌లు తడబడేది సాధారణంగా అక్కడే. ఏడాదిలోపు పిల్లల్ని గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. బిడ్డను ఎవరు తీసుకెళ్లవచ్చో తల్లిదండ్రులు రాసిచ్చిన పేర్లు తప్ప ఇంకెవరికీ అప్పగించకూడదు. కొత్తగా చేరిన బిడ్డకు మొదటి వారం రోజుకు ఒకటి రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుతూ పోవాలి. ఆ వారం తల్లికో తండ్రికో పనివేళల్లో వెసులుబాటు ఇవ్వండి.

క్రెష్ వల్ల మేలు జరిగేది అందులో ఉన్న బిడ్డకే కాదు. చంటిబిడ్డను చూసుకోవడానికి బడి మానేసి ఇంట్లో ఉండిపోయిన అక్క కూడా మీ లెక్కలో ఉండాలి.

ప్రశ్న: ఈ ఏడాది బడ్జెట్ లేదు. ఖర్చు లేకుండా ఒక్కటి చేయమంటే ఏది?

జవాబు: డ్యూటీ చార్టు రెండు వారాల ముందు అంటించండి, ఆ తర్వాత ఉద్యోగి ఒప్పుకుంటే తప్ప మార్చకండి. రేపటి షిఫ్టు ఇవాళ సాయంత్రం తెలిస్తే బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలో తెలియదు, టీకా తేదీ తప్పుతుంది, బడి సమావేశం పోతుంది. ఓవర్‌టైమ్ చేయమని షిఫ్టు అయిపోయే వేళ చెప్పే సూపర్‌వైజర్ ఒక్కడున్నా, మీ పాలసీ పుస్తకం మొత్తం వృథా.

ప్రశ్న: మేం ఒక బ్రాండ్‌కు కొనుగోళ్లు చూస్తాం. సరఫరా ఫ్యాక్టరీల్లో కార్మికులు పీస్ రేటు (ముక్కకు ఇంత అని కూలి) మీద, కాంట్రాక్టర్ ద్వారా పనిచేస్తారు. వాళ్ల పిల్లల విషయంలో మేం చేయగలిగేది ఏముంది?

జవాబు: చాలా ఉంది, ముందు మీ ఆర్డర్ల పద్ధతిలో. డిజైన్ చివరి వారంలో మార్చి, డెలివరీ తేదీ మాత్రం కదలకూడదంటే, ఆ తేడాను భరించేది రాత్రి పదింటి దాకా కుట్టు మిషన్ ముందు కూర్చున్న తల్లి. మార్పు చేసిన ప్రతిసారీ తేదీ కూడా జరపండి, ఆ నియమాన్ని ఒప్పందంలో రాయండి.

పీస్ రేటు దగ్గర మరో చిక్కు ఉంది. విరామం హక్కుగా ఉన్నా, ఆ అరగంటలో కుట్టని ముక్కలకు కూలి రాదు కాబట్టి ఎవరూ లేవరు. ఆమె గత కొన్ని వారాల సగటు గంట సంపాదనను విరామానికి లెక్కకట్టి ఇవ్వాలి. ఫ్యాక్టరీ తనిఖీలో రూల్ ఉందా అని కాకుండా వేతన పట్టీలో ఆ మొత్తం కనిపిస్తోందా అని చూడమనండి. కాంట్రాక్టర్ మారినప్పుడు గర్భిణుల పేర్లు కొత్త జాబితాలో లేకుండా పోవడం మామూలు. పాత, కొత్త జాబితాలు పక్కపక్కన పెట్టి చూడమనండి, లేని ప్రతి పేరుకూ కారణం రాతపూర్వకంగా అడగండి.