కాలనీ పక్క చెరువులో గాలం వేయొచ్చా, చేపపిల్లలు వదలొచ్చా?

మీరు మూడు అడిగారు. ఆదివారం గాలం వేసుకోవచ్చా, కాలనీ వాళ్లం చందాలేసుకుని చేపపిల్లలు కొని వదలొచ్చా, పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి ఎందుకు అని. మాది సిద్దిపేట దగ్గర పల్లె, మా బాపు మత్స్య సహకార సంఘంలో సభ్యుడు, నేనుండేది ఇప్పుడు హైదరాబాద్ శివార్లో ఇంకో చెరువు పక్కన, కాబట్టి ఊరి చెరువూ తెలుసు, అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న చెరువూ తెలుసు.

మూడోదే అర్జెంటు కాబట్టి ముందు అది. డ్రైనేజీ కలిసే చెరువులో నాచు బాగా పెరిగి నీళ్లు చిక్కగా పచ్చబడతాయి, పగలు ఎండకి ఆ నాచే ఆక్సిజన్ ఇస్తుంది గానీ రాత్రయితే నాచు, చేపలు, అడుగున కుళ్లే చెత్త అన్నీ కలిసి ఉన్నదంతా వాడేస్తాయి, అందుకే తెల్లారేసరికి బాగా తగ్గిపోతుంది, రెండ్రోజులు మబ్బు పట్టిందంటే ఇంకా కష్టం. ఎవరో మందు కలిపారని మీ వాట్సాప్ గ్రూపులో గొడవ అవుతోందన్నారు, ఎండెక్కాక చేపలు మళ్లీ కిందికి పోతుంటే ఎక్కువ శాతం ఇదే. వెంటనే చేయగలిగేది ఏంటంటే తెల్లవారుజామున మోటర్ పెట్టి చెరువు నీళ్లనే పైకి చిమ్మించడం. ఇంకోటి, పుణ్యం అని సంచులకొద్దీ బ్రెడ్డు, మరమరాలు పోస్తారు చూడండి, అది ఆపించండి, చేపలు తిన్నంత తినగా మిగిలింది అడుగున కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. మా దగ్గర బోర్డు పెట్టినా ఆగలేదు, వాకింగ్‌కొచ్చే పెద్దావిడ ఒకామె నిలబడి తిట్టడం మొదలుపెట్టాకే తగ్గింది.

ఇక చేపపిల్లలు వదలడం. చూడ్డానికి ఎవరిదీ కానట్టు ఉంటుంది గానీ చాలా చెరువుల్లో చేపల హక్కు అక్కడి ముదిరాజ్, గంగపుత్రుల సంఘానికి ఉంటుంది, పెద్దవి మత్స్యశాఖ కింద, చిన్నవి పంచాయతీ కింద లీజుకి ఇస్తారు. బొచ్చ, రోహు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, అందుకే ఏటా వానలు పడ్డాక పిల్లల్ని తెచ్చి పోయాలి. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పంపిణీ మొదలుపెట్టింది, ఏడాదంతా నీళ్లుండే చెరువులకి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు, ఎండిపోయేవాటికి 35 నుంచి 40. బొచ్చ పైన తింటుంది, రోహు మధ్యలో, మ్రిగాల అడుగున, ఆ లెక్క చూసి పోస్తారు, మీరు మధ్యలో వెళ్లి ఇంకో లోడు కుమ్మరిస్తే తిండి చాలక అన్నీ సన్నగా మిగుల్తాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయితే అసలు వద్దు, 2000లోనే కేంద్రం నిషేధించింది, దొరికిన చేపనల్లా మింగేస్తుంది. ఇంట్లో అక్వేరియం ఎత్తేస్తూ అద్దం మీద పాచి తినే సక్కర్ చేపని "పాపం బతకనీ" అని చెరువులో వదిలేవాళ్లుంటారు, దాని ముళ్లకి వలలు చిరిగిపోతాయి, సంఘం వాళ్ల నోట్లో బూతులు అందుకే వస్తాయి.

అసలు గొడవ మాత్రం తూము దగ్గర ఉంటుంది, ఇది కాలనీ వాళ్లకి కనబడదు. మా ఊళ్లో యాసంగి చివర్లో రైతుకి ఇంకొక్క తడి కావాలి, సంఘానికి చేపలు ఇంకో నెల పెరగాలి, ఒకే నీళ్లు. బాపు వాళ్లు ఏటా పెద్దమనుషుల ముందు కూర్చుని నీళ్లు ఫలానా మెట్టు దాకా దిగితే తూము మూయాలని మాట అనుకునేవాళ్లు, కొన్నేళ్లు నిలబడేది, కొన్నేళ్లు రాత్రిపూట ఎవరో షట్టర్ ఎత్తేవాళ్లు, తెల్లారి పంచాయితీ. మిషన్ కాకతీయ అని ప్రభుత్వం చెరువులు బాగుచేసే పథకం పెట్టింది, అందులో పూడిక తీశాక ఆ తగువు కొంచెం తగ్గింది, లోతు పెరిగింది కదా. మీ దగ్గర రైతుల్లేరు, కానీ వాన నీళ్లొచ్చే కాలువ మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లుంటారు, చందా డబ్బులేవో ఆ కాలువ సర్వేకీ, చెరువు హద్దు రాళ్లు వేయించడానికీ పోరాడే పనికి పెట్టండి. గుర్రపు డెక్క మాత్రం సంఘం వాళ్లతో కలిసి వేసవిలోనే పీకండి, వానలకి అది మళ్లీ కమ్మేస్తుంది.

గాలం సంగతికొస్తే, సంఘాన్ని అడగండి అంతే. సరదాగా ఒకరిద్దరు గాలాలేస్తే మా వాళ్లు ఏమీ అనరు, ఎర్రలు గుచ్చుకుని కూర్చోవచ్చు, వల మాత్రం దింపొద్దు. కొర్రమట్ట పిల్లలు వానాకాలంలో ఎర్రగా ముద్దలా గుంపుగా తిరుగుతాయి, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఆ టైంలో ఆ పెద్దవాటిని పట్టారంటే గుంపు మొత్తం మిగతా చేపలకి మేత. మందు కలపడం, తోటాలు పేల్చడం 1897 నాటి చట్టంలోనే నేరం, మీ పక్కన ఎవడైనా చేస్తే పోలీసులకి చెప్పడానికి మొహమాటపడొద్దు. సంఘం అధ్యక్షుడెవరో కట్ట మీద వలలు ఆరేసుకునేవాళ్లని అడిగితే చెప్తారు, పొద్దున ఏడు లోపు వెళ్లండి, ఆ తర్వాత చేపలు తీసుకుని మార్కెట్‌కి పోతారు.