“అర్థమైందా” అని మాత్రం అడగొద్దు

అమ్మాయ్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కర్నూలులో నర్సులకు కార్డియాక్ రీహాబ్ గురించి, అదే, గుండెజబ్బు వచ్చినవాళ్లను మెల్లగా మళ్లీ మామూలు జీవితానికి తేవడం గురించి క్లాసులు చెప్పబోతున్నావట. ఇంజెక్షన్ చూస్తే మంచం కింద దూరిన పిల్లవి నువ్వు! సంతోషం పట్టలేక పక్కింటికెళ్లి చెప్పొచ్చాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని, చెప్పకుండా ఉండలేను.

నీకు తెలిసినవి ముందు తేల్చేస్తాను. స్లైడ్లు తక్కువ పెట్టు. నైట్ డ్యూటీ దిగినవాళ్లను అదే పొద్దున క్లాసులో కూర్చోబెట్టకు. నిద్రపోతే వాళ్ల తప్పు కాదు. ఆసుపత్రిలో ఒక దశ, డిశ్చార్జి తర్వాత కొన్ని వారాలు ఒక దశ, ఆపైన జీవితమంతా ఒక దశ అని బోర్డు మీద ఒకసారి రాసి వదిలేయ్. పేషెంటు తనకెంత కష్టంగా ఉందో అంకెలో చెప్పే బోర్గ్ స్కేలు 6 నుంచి 20 దాకా ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. పదితో హెచ్చవేస్తే సుమారుగా గుండె వేగం వస్తుందని చెప్పి, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వేసుకునేవాళ్ల దగ్గర ఆ లెక్క కుదరదని కూడా చెప్పు. పేషెంటుకు ఈ అంకెలేవీ వద్దు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతే.

ఇక నేను చేసిన తప్పు. మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పాతికేళ్ల కిందటి మాట. అప్పుడు పనిచేసిన ఆసుపత్రి పేరు ఇప్పుడెందుకులే. పత్తికొండ వైపు నుంచి ఒక రైతు గుండెపోటుతో వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయేమో. బాగానే కోలుకున్నాడు. డిశ్చార్జి రోజు వార్డు నిండా జనం, నాకు ఇంకా ఆరు కేస్ షీట్లు రాయాల్సి ఉంది. మంచం పక్కన నిలబడే గబగబా చెప్పాను: బరువులెత్తొద్దు, ఎండకు పోవద్దు, మెట్లెక్కొద్దు, టెన్షన్ పడొద్దు. “అర్థమైందా?” అన్నాను. “అయింది సిస్టర్” అన్నాడు. టిక్కు పెట్టి పక్క మంచానికి వెళ్లిపోయాను.

మూడు నెలల తర్వాత భార్య పట్టుకుని తీసుకొచ్చింది. మళ్లీ గుండెపోటేమోనని పరిగెత్తాను. కాదు. పిక్కలు ఎండిన జొన్నదంట్లలా అయ్యాయి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మూడు నెలలూ మంచం దిగలేదట. “మంచినీళ్ల చెంబు కూడా బరువే గదా సిస్టర్, మీరే చెప్పినారు” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. ఆ ఏడాది బుడ్డలు (వేరుశనగ) పీకింది, ఒలిచింది, అమ్మింది అంతా ఆ తల్లే. అతనికి చెంబు నోటికి అందించింది కూడా ఆమే. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, తల వంచుకుని, ఒకే మంచం మీద పడుకోవచ్చా అని అడిగింది. మూడు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది.

నాలుగు ‘వద్దు’లు చెప్పాను. ఒక్క ‘ఇది చెయ్యి’ అని చెప్పలేదు. రోజుకు రెండు మూడుసార్లు ఐదేసి నిమిషాలు వీధిలో నడువు, ఆయాసం లేకుంటే రోజూ ఒకట్రెండు నిమిషాలు పెంచు అని చెప్పడానికి ఎంతసేపు? 1952లోనే లెవిన్, లోన్ అనే అమెరికా డాక్టర్లు గుండెపోటు పేషెంట్లను మంచం మీంచి కుర్చీలోకి దించి చూపించారని నీ పుస్తకాల్లోనే ఉంటుంది. నేనేమో అతన్ని మళ్లీ మంచానికే కట్టేసి పంపాను. భార్య అడిగిన మాట కూడా మనమే ఎత్తాలి. రెండంతస్తుల మెట్లు ఇబ్బంది లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా భయం లేదని, డాక్టరును ఒకసారి అడిగి, మామూలు గొంతుతో చెప్పాలి. నీ నర్సులు నవ్వుతారు. నవ్వనీ, తర్వాత ఒకళ్లకొకళ్లు చెప్పించు.

వాళ్లు కూడా తల ఊపుతారమ్మా, ఆ రైతులాగే. అందుకే “అర్థమైందా” అనకు. “ఇంటికెళ్లాక మీ ఆవిడ ‘ఏం చెప్పారు’ అని అడిగితే ఏమంటావు?” అని పేషెంటును అడగడం నేర్పు. క్లాసు గదిలోంచి కారిడార్‌లోకి తీసుకెళ్లు. 30 మీటర్లు టేపు పెట్టి కొలిపించు, ఒకర్ని పేషెంటును చేసి ఆరు నిమిషాలు నడిపించి ఎంత దూరమో లెక్కపెట్టించు. ఎప్పుడు ఆపాలో అక్కడే చెప్పించు: ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు, నడుస్తుంటే బీపీ పడిపోవడం. ఛాతీ నొప్పికి నాలుక కింద బిళ్ల పెట్టుకునే ముందు కూర్చోవాలని గట్టిగా చెప్పు, నిలబడి పెట్టుకుంటే పడిపోతారు. తగ్గకపోతే 108. మే నెలలో మన ఎండకు నడక పొద్దున ఆరున్నర లోపే ముగించాలి. ఉప్పు రోజంతా కలిపి ఒక టీస్పూనంటే ఊరుమిండి పచ్చడి, ఊరగాయల లెక్క కూడా అందులోదే.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది చివర రాస్తున్నాను. బాత్రూం గడియ. మీ తాత సంగతి నీకు తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చిన పన్నెండో రోజు, మలబద్ధకం, లోపల గడియ. మీ మామ గునపంతో తలుపు పగలగొట్టేసరికి ఆలస్యమైపోయింది. నేను అప్పటికే నర్సును, అదే ఇంట్లో ఉన్నాను. నువ్వు ఏ సబ్జెక్టు మర్చిపోయినా పర్లేదు. డిశ్చార్జి చీటీ మీద ముక్కొద్దు, గడియ వేయొద్దు అని రాయించు, ఇంటివాళ్లకు చదివి వినిపించు. పుస్తకంలో లేదని ఎవరైనా అంటే మా పెద్దమ్మ చెప్పిందను.

ఆదివారం ఆదోనికి రా, ఉగ్గాని బజ్జీ చేస్తాను. (నువ్వు తినొచ్చు, మీ పెదనాన్నకు ఉగ్గాని మాత్రమే.) నేను పేషెంటుగా కూర్చుంటాను, క్లాసు నాకు ఒకసారి చెప్పి చూడు. వచ్చేటప్పుడు స్క్రూడ్రైవర్ తెచ్చుకో. చుట్టాలొస్తే బాగుండదని మీ పెదనాన్న మా గడియ ఇంకా తీయనివ్వడం లేదు.

పెద్దమ్మ